కూల్చే ఇంటిని కెమెరాలో దాచాలంటే

సంపాదకులకు,

పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చేవారు కూల్చే ముందు రోజు డ్రోన్ తెప్పించి, పాట జోడించి, నాలుగు నిమిషాల వీడియో చేయించుకుంటున్నారు. ప్రేమతో చేస్తున్న పనే. కానీ అది చూసి ఆ ఇల్లు ఎలా కట్టారో రేపు ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్‌లో 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ 2020లో పాత సచివాలయంతో పాటే నేలమట్టమైంది. ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ను కూల్చకుండా 2019లో హైకోర్టు తీర్పు నిలబెట్టింది. మన వీధిలోని మండువా ఇంటి కోసం కోర్టుకెక్కేవారుండరు. దానికి మిగిలేది చిత్రమే.

డ్రోన్ కన్నా ముందు స్టాండు కావాలి. కెమెరాను గోడ ఎత్తులో సగానికి నిలిపి, మట్టం చూసి తీస్తే స్తంభాలు నిటారుగా వస్తాయి. కిందనుంచి పైకెత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టుంటాయి. ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మంత సెన్సరున్న) కెమెరాలో 24 మి.మీ. కన్నా తక్కువ, అంటే ఇంకా వెడల్పుగా చూసే లెన్సు పెడితే పదడుగుల గది హాలంత అవుతుంది. ఫ్లాట్లు అమ్మడానికి అది బాగుంటుంది గానీ రికార్డుకు పనికిరాదు. ప్రతి గదిలో ఒక షాటైనా అడుగుల గుర్తులున్న కర్ర ఆనించి తీయాలి. ట్యూబ్‌లైట్లుంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే చారలు పాకుతాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే మండువా మధ్యభాగం తెల్లబారిపోయి, చుట్టూ వసారాలు నల్లగా మునుగుతాయి. ఉదయం, ఎండ లోపలికి దిగకముందే పని కానివ్వాలి. పెంకుల కప్పుకు డ్రోన్ అవసరమే. డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోనో ముందే చూసుకోవాలి.

అందరూ కెమెరా సర్దేశాకే అసలు విలువైనది బయటపడుతుంది. పాత కలప కొనేవాళ్లు తలుపులు, దూలాలు చేత్తో విప్పించేటప్పుడు కొయ్య అతుకులు కనిపిస్తాయి. మద్రాస్ టెర్రస్ (పాతకాలపు ఇటుక, సున్నం కప్పు) అయితే టేకు దూలాలపై నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, వాటిపై సున్నం పొరలు వరుసగా తేలతాయి. జేసీబీ దిగితే ఇవన్నీ ఒకే గుట్ట. అందుకే విప్పే రోజుల్లోనే, స్కేలు పెట్టి, గోడ తెగిన చోట కనిపించే లోపలి పొరలను దగ్గరగా తీయాలి.

కొత్త కట్టడం టైమ్‌లాప్స్‌కు (విడి ఫొటోలను వరుసగా కలిపి నెలల పనిని వేగంగా చూపే వీడియోకు) పది నిమిషాలకొక ఫొటో చాలు. పది గంటల పనిదినానికి 60 ఫొటోలు, అంటే సెకనుకు 25 ఫ్రేముల లెక్కన తెరపై సుమారు రెండున్నర సెకన్లు. కెమెరాను సెంట్రింగ్ కర్రలకు కట్టొద్దు, కాంక్రీటు పోసేటప్పుడు అదురుతుంది. ఎదురింటి పిట్టగోడకు బిగించండి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి కెమెరా రంగులు సర్దుకునే అమరిక) లాక్ చేయకపోతే ఫొటో ఫొటోకీ రంగు మారుతుంది. వారానికోసారి కెమెరా ముందున్న గాజుపై దుమ్ము తుడవకపోతే నెలల పని మసకబారిపోతుంది.

స్థలం బిల్డరు చేతికెళ్లాక లోపలికి రానివ్వకపోవడం మామూలే. కాబట్టి కూల్చివేత, నిర్మాణం రెండూ చిత్రీకరించుకునే హక్కును డెవలప్‌మెంట్ అగ్రిమెంటులోనే రాయించుకోవాలి.

మరో మాట. బిల్డరు డబ్బుతో తీసినదాన్ని డాక్యుమెంటరీ అని చూపడం తప్పు. ఎవరి ఖర్చో తెరమీద రాయాలి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 12 ప్రకారం ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటరు, అంటే బిల్డరు, పరిహారమివ్వాలి. డాక్యుమెంటరీ ముసుగు వేస్తే కొనేవారికి అది ప్రకటనని తెలిసేదెలా?

యాభై ఏళ్లు దాటిన ఇంటి కూల్చివేతకు అనుమతి అడిగినప్పుడు ఈ చిత్రీకరణను జతచేయాలని మున్సిపాలిటీలు నిబంధన పెట్టాలి. ఎడిట్ చేసిన వీడియో కాదు, కోతల్లేని మూల ఫైళ్లు, గది పేరు, తేదీ రాసి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో.

– డాక్యుమెంటరీ ఛాయాగ్రాహకుల బృందం, హైదరాబాద్