ఒక్క ముక్కల చెప్పాలంటే స్వీట్ చార్లీ

నల్లగొండ,
దసరా ముందటి ఆదివారం

దోస్తూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు డాబా మీద కుండీలు కడుగుతున్న. "బిడ్డ స్ట్రాబెర్రీ పెడదామని పట్టుబట్టింది, ఏ రకం పెట్టాల్నో ఒక్క ముక్కల చెప్పు" అన్నవు. ఒక్క ముక్కల అయితే స్వీట్ చార్లీ. కానీ ఎందుకో చెప్పకపోతే నర్సరీల ఇంకేదో అంటగడతరు, నువ్వు తెచ్చుకుంటవు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. చెల్లెకు గూడ చదివి వినిపియ్యి, రోజూ నీళ్లు పోసేది ఆమెనే కదా.

పోయిన సంక్రాంతికి బజార్ల డబ్బా కొని, తిని, "ఎర్రగ నిగనిగలాడుతుంది గని సప్పగుందిరా" అన్నవు, యాదికుందా? స్ట్రాబెర్రీకి ఒక గుణముంది. చెట్టు మీదకెళ్లి తెంపినంక అది మాగదు. మామిడికాయను గడ్డిల పెడితే తీపెక్కుతది, అరటిగెల ఇంట్ల వేలాడదీస్తే పండుతది. ఇది అట్ల కాదు. తెంపినంక రంగు తిరగొచ్చు గని తీపు అక్కడికే ఆగిపోతది. మహారాష్ట్రల స్ట్రాబెర్రీ తోటలుండే మహాబలేశ్వరంకెళ్లి మన దాకా రావాలంటే ముప్పావు వంతు ఎర్రబడ్డప్పుడే తెంపాలె, లేకుంటే దారిలనే రసమైపోతది. పైంగ దూరం పోయే పండుకు గట్టితనం కావాలె, సైజు కావాలె. వ్యాపారానికి రకాలను ఎంచేటోళ్లు ముందుగాల చూసేది అదే. అట్లని మహాబలేశ్వరం పండును తక్కువ చేసి మాట్లాడుతలేను. 2010ల దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని సర్కారిచ్చే గుర్తింపు, వచ్చింది, అక్కడ తోటల నిలబడి తిన్నోళ్లకు దాని రుచి తెలుసు. మన దాకా వచ్చేసరికి ఆ రుచి ఉండదు, అంతే.

పాలమూరోనివి నీకు ఈ సంగతి చెప్పాల్నా? మీ బాలానగర్ సీతాఫలం బాగ మాగినంక సంచిల వేసుకొని బస్సెక్కితే ఇంటికి చేరేసరికి గుజ్జయితది. అట్లని గట్టిగుండే సీతాఫలం కావాలని ఎవరన్న అడుగుతరా? ఇంట్ల పెంచుకునే స్ట్రాబెర్రీ గూడ అంతే. నీ పండు పోయే దూరం డాబా మీదికెళ్లి వంటింటి దాకనే. అది మెత్తగుంటే మనకేం నష్టం లేదు, ఆ మెత్తటి రకాలల్లనే రుచి దాగుంది.

నేను మూడేండ్లల్ల నాలుగు రకాలు పెట్టి చూసిన. కామరోసా కాయ పెద్దది, ముదురు ఎరుపు, గట్టిది. నల్లెరుపు తిరిగేదాక ఓపిక పడితే బాగనే ఉంటది గని ఒక్కరోజు ముందు తెంపినా పులుపు. పిల్లలున్న ఇంట్ల అంత ఓపిక ఎవరికుంటది? వింటర్ డాన్ తొందరగ కాస్తది, కాయలు మస్తుగొస్తయి, రుచి మాత్రం మామూలు. చాండ్లర్ నాకు చాన ఇష్టం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 1983ల ఇచ్చిన పాత రకమది. పులుపు, తీపు రెండూ గట్టిగ తగులుతయి, అసలు స్ట్రాబెర్రీ రుచి అదే అనిపిస్తది. కానీ జర ఆలస్యంగ కాస్తది. మన దగ్గర చలి ఎన్ని రోజులుంటది చెప్పు? శివరాత్రికి శివశివా అనుకుంట పోతది. చాండ్లర్ మంచిగ ఊపందుకునే టైంకు ఎండలు ముదురుతయి, కాయ చిన్నగయితది.

స్వీట్ చార్లీని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 1992ల విడుదల చేసిండ్రు. ఫ్లోరిడాల గూడ స్ట్రాబెర్రీ చలికాలపు పంటనే, అందుకేనేమో మనకు ఒద్దికైంది. నిరుడు క్రిస్మస్ దాటినంక పొద్దుపొద్దున తెంపిన మొదటి పండు ఇంకా కండ్ల ముందట ఉంది. మీద మంచు తడి. పూర్తి ఎరుపు గూడ కాదు, మోదుగుపువ్వు లెక్క నారింజ కలిసిన ఎరుపు. తొడిమ దగ్గరి తెల్ల అంచు గూడ రంగు తిరిగింది. చేతులకు తీసుకుంటే మెత్తగ, కొరికితే నాలుక మీదనే కరిగింది. ముందు తీపు, దాని వెనక సన్నగ పులుపు. వేళ్లకు ఆ వాసన మధ్యాహ్నం దాకా పోలే. అవ్వకు సగం పెడితే, "గులాబీ వాసనొస్తుంది బిడ్డా" అన్నది. నువ్వు పది మొక్కలు పెడితే ఏడు ఇదే పెట్టు, మూడు చాండ్లర్ పెట్టు. ఆల్బియన్ గురించి ఎవరన్న చెప్తే వినకు. పండు తీపే గని, పొద్దు పొడుగు పొట్టి చూడకుండ పూసే రకమది. ఏడాదంత కాస్తదంటరు, మన ఎండలకు పూత ఆగిపోతది.

గింజలు మాత్రం కొనకు. మొదటేడు నేను ఆన్‌లైన్ల ఒక పొట్లం తెప్పిచ్చిన, పొట్లం మీద నీలం రంగు స్ట్రాబెర్రీ బొమ్మ. మొలిచిందంత ఏదో గడ్డి. నీలం స్ట్రాబెర్రీ అనేదే లేదు. మనం తినే స్ట్రాబెర్రీ రెండు అమెరికా జాతులు కలిసి పుట్టిన సంకరం. 1714ల ఫ్రెజియే అనే ఫ్రెంచాయన చిలీ దేశంకెళ్లి పెద్ద కాయల మొక్కలు ఓడల తెచ్చిండు. అవి ఫ్రాన్స్‌ల ఉత్తర అమెరికా జాతి పక్కన పూసి కలిసిపోయినయి. అందుకే గింజ వేస్తే తల్లి గుణం రాదు, రన్నర్ పిలకలే, అంటే తల్లి మొక్క తీగలకు పుట్టే పిల్ల మొక్కలే, తెచ్చుకోవాలె. గింజతోని మంచిగొచ్చేది ఆల్పైన్ అని పరికిపండంత కాయ కాసే రకం. వాసన అద్భుతం, కానీ గుప్పెడు కావాలంటే డాబా నిండా పెట్టాలె.

రెండో ఏడు నన్ను ఏడిపిచ్చింది నీళ్లు. మన బోర్ల సంగతి తెల్వందా! మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తోని కాళ్లు వంకరపోయిన పెద్దమనుషులను ఇద్దరం కలిసే చూసినం. మొక్కను దెబ్బ కొట్టేది ఎక్కువగ ఆ నీళ్లల్లున్న ఉప్పు, సున్నం. కుండీ అంచుకు తెల్లగ పొర కట్టింది, ఆకుల కొసలు కాగితం కాలినట్టు మాడినయి, కొత్త ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగ మిగిలినయి. స్ట్రాబెర్రీకి కొంచెం పుల్లటి మన్ను కావాలె, పీహెచ్ 5.5 నుంచి 6.5 దాకా. అప్పటికెళ్లి భగీరథ నల్లా నీళ్లు, డ్రమ్ములల్ల పట్టిన వాన నీళ్లే పోస్తున్న. ఫిల్టర్ మిషన్‌కెళ్లి బయటికొచ్చే వృథా నీళ్లు మొక్కకు పొయ్యకు, ఉప్పంత వాటిలనే ఉంటది.

పెట్టేటప్పుడు చూడాల్సింది మొవ్వ. ఆకులన్ని పుట్టుకొచ్చే ఆ నడిమి ముద్ద మన్నుకు సరిసమానంగ ఉండాలె. మన్నుల పూడితే కుళ్లుతది, పైకి తేలితే వేర్లు ఎండుతయి. చల్క మన్ను, మాగిన పెంట, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమంగ కలుపు. పూత మొదలైనంక కింద వరిగడ్డి పరువు, కాయకు మన్ను తగలదు. పక్కలకు పాకే రన్నర్ తీగలను కత్తిరిస్తుండు, లేకుంటే బలమంత అటే పోతది. పిగిలిపిట్టల కోసం వల కట్టు, కానీ పూసినప్పుడు పొద్దంత వల తీసిపెట్టు. తేనెటీగలు రాకపోతే కాయ వంకరటింకరగ వస్తది. పూసినంక నెల రోజులకు పండు. ఎర్రబడుతున్నప్పుడు నీళ్లు తగ్గియ్యి, అప్పుడే రుచి చిక్కబడతది. ఎరుపు తిరిగినంక గూడ ఒక రోజు ఆగి, పొద్దున చల్లగున్నప్పుడు తెంపు.

దసరా దాటి ఎండ తగ్గినంక, దీపావళి లోపల నాటేటట్టు ముప్పై పిలకలు చెప్పిపెట్టిన. నిరుటి తల్లి మొక్కలు ఏప్రిల్ ఎండకు పోయినయి, ఏటా కొత్తయి తెచ్చుకోవాల్సిందే. నీకు పది పక్కకు పెడుత, ఏడు స్వీట్ చార్లీ, మూడు చాండ్లర్. ఫోన్ చేస్త, చెల్లెను, బిడ్డను తీసుకొని రా. వచ్చేటప్పుడు మీ దిక్కు సీతాఫలాలు తే. కండ్లు విచ్చుకున్న కాయలు చూసి గట్టివే తే, ఇంట్ల గడ్డిల పెట్టుకుంట.

నీ దోస్తు