స్వాములకు: సోమవారం నుంచి క్యారేజీలో పప్పు రెట్టింపు, ధర 20 రూపాయలు ఎక్కువ

స్వామి శరణం. మా దగ్గర క్యారేజీ కట్టించుకునే అయ్యప్ప స్వాములకు ఈ మాట. మాల వేసుకుని పది రోజులన్నా కాకముందే "సాయంత్రానికి కాళ్లు లాగేస్తున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి" అని స్వాములు అంటున్నారు. మొదటిసారి మాల వేసిన కన్నెస్వాములైతే మరీను. చన్నీటి స్నానం, నేల పడక అలవాటు లేకపోవడం కొంత కారణం కావచ్చు. కానీ క్యారేజీని గిన్నె గిన్నెగా తూకం వేసి చూస్తే తప్పు ఎక్కువగా మా వంటింట్లోనే తేలింది.

65 కిలోల మగమనిషికి రోజుకు 54 గ్రాముల ప్రోటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. మేం ఇస్తున్నది చూడండి. మధ్యాహ్నం భిక్షలో 150 గ్రాముల బియ్యం అన్నానికి 11 గ్రాములు, పప్పుకి 5 చిల్లర, పెరుగుకి 3, కూరకి 2. రాత్రి ఉప్మాకి 8. అన్నీ కలిపినా 30 దాటడం లేదు. దీక్షకు ముందు కోడిగుడ్డో చికెనో పూడ్చే లోటు ఇది. అవి మానేసిన చోట మేం ఇంకో కూర పెట్టి సరిపెట్టాం. వంకాయ ఎంత పెట్టినా ప్రోటీన్ రాదు.

పప్పు సంగతి ఇంకా సిగ్గుచేటు. నలభై మందికి కిలో కందిపప్పు వేస్తున్నాం, అంటే మనిషికి 25 గ్రాములు. అదీ పల్చగా. గరిటె అడుక్కి వెళ్లకపోతే ముందు కట్టిన క్యారేజీలకు తేట, చివరివాటికి ముద్ద. "మీ పప్పు చారులా ఉంది" అన్న స్వాములు అబద్ధం చెప్పలేదు.

సోమవారం నుంచి మనిషికి 50 గ్రాముల పప్పు, గట్టిగా, ప్రతి నాలుగు క్యారేజీలకోసారి అడుగు నుంచి కలిపి కడతాం. పప్పు మెత్తబడ్డాకే గోంగూర, చింతపండు వేస్తాం. పులుపు ముందే పడితే బద్ద ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది. కడుపుబ్బరానికి అదీ ఒక కారణమే. పెరుగు 150 గ్రాములు. కొత్తగా ఒక గిన్నె గుగ్గిళ్లు కూడా: 40 గ్రాముల శనగలు లేదా అలసందలు, 8 గ్రాముల దాకా ప్రోటీన్. రాత్రి ఉప్మా బదులు వారంలో నాలుగు రోజులు రెండు పెసరట్లు (75 గ్రాముల పెసలు, ఉల్లిపాయ లేకుండా అల్లం, జీలకర్రతో), పల్లీ చట్నీ. ఆ రోజుల్లో మొత్తం 58 దాకా వస్తుంది. మిగతా మూడు రోజులు ఇడ్లీ, రవ్వదోశ కాబట్టి అంత రాదు. అప్పుడు గుప్పెడు వేయించిన శనగలు కలుపుకోండి, 30 గ్రాములకు 6 గ్రాములు వస్తుంది.

గ్యాస్ భయం మాకూ ఉంది. శనగలు పది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఇంగువ వేసి ఉడికిస్తాం. గ్యాస్ పుట్టించే చక్కెరలు కొన్ని ఆ పారబోసిన నీళ్లతోనే పోతాయి. గుగ్గిళ్లు మధ్యాహ్నమే తినేయండి, రాత్రికి దాచుకోవద్దు. బుధవారం మీల్‌మేకర్ కూర ఉంటుంది. వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండుతాం, లేకపోతే వాసన వస్తుంది. మాంసంలా ఉంటుందని ముట్టని స్వాములు ముందురోజే చెబితే అలసందలు పెడతాం.

కొందరు స్వాములు నీరసానికి అన్నం తగ్గించి పప్పు తాగుతున్నారు. అది ఉల్టా అవుతుంది. ఒంటికి చాలినంత శక్తి అందకపోతే తిన్న ప్రోటీన్‌ని కూడా కట్టెల్లా కాల్చేసుకుంటుంది. కూర్చుని చేసే పనికి రోజుకు 2,110 కేలరీలు చాలు, ఓ మోస్తరు శ్రమ చేసేవాళ్లకే 2,710 కావాలి. ఆటోనగర్‌లో, మార్కెట్ యార్డుల్లో పనిచేసే స్వాములకు అన్నం అదనంగా ఉచితం, రెండు చెంచాల నెయ్యి కూడా. అడగడానికి మొహమాటపడొద్దు. రాత్రి పళ్లతో సరిపెట్టే స్వాములు రెండు అరటిపళ్లతో పాటు గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క తీసుకోండి. అరటిపళ్లు రెండింటిలో కలిపినా ప్రోటీన్ రెండు మూడు గ్రాములే.

కిడ్నీ సమస్య ఉండి డాక్టరు ప్రోటీన్ తగ్గించమన్నవాళ్లకు ఈ మార్పు వద్దు. క్యారేజీ తెచ్చే కుర్రాడితో చెప్పండి, మూతకి ఎర్ర దారం కట్టి పాత కొలతే పంపుతాం.

రెండు పూటలకు 130 ఉన్నది 150 అవుతుంది. మండల దీక్ష మొత్తానికి ముందే డబ్బు కట్టిన స్వాముల దగ్గర తేడా అడగం. మాల తీసేదాకా మీకు పాత ధరే, కొత్త కొలత.