ఆటోనగర్ పెద్దమేస్త్రి గారికి, ఆలస్యంగానైనా

మా నాన్నగారు 2004లో కొన్న డీజిల్ జీపు రెండేళ్లుగా ఎక్కడ ఆపితే అక్కడ ఆయిల్ కార్చేది. నూజివీడులో మా వాకిట్లో నాపరాళ్లు నల్లబడి, మా ఆవిడ ఆ పక్కన ముగ్గు వేయడమే మానేసింది. ఇంజన్ అతుకుల్లోంచి ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే ప్యాకింగులు మూడుసార్లు మార్పించాను. పదిహేను రోజులు పొడిగా ఉండేది, మళ్లీ మామూలే. ఆఖరికి ఒకాయన క్రాంక్ సీలు (ఇంజన్ వెనక క్రాంక్ ఇరుసు చుట్టూ ఆయిల్ ఆపే రింగు) పోయింది, సిలిండర్లు అరిగి బండి బోరుకొచ్చింది, ఇంజన్ దించాల్సిందే అన్నాడు.

మా తోడల్లుడు పట్టుబట్టి విజయవాడ ఆటోనగర్‌లో మీ షెడ్డుకి తీసుకొచ్చాడు. మీరు ముందు స్పానరే పట్టలేదు. ఇంజన్ డీజిల్‌తో కడిగించి, గాలి కొట్టించి, పైనుంచి కిందిదాకా మొహానికి రాసుకునే పౌడరు చల్లారు. "బెంజి సర్కిల్ దాకా పోయి రా బాబూ" అన్నారు. నాకైతే నవ్వొచ్చింది. తిరిగొచ్చి బానెట్ ఎత్తితే, ఇంజన్ పైనుండే టాపెట్ కవరు వెనక మూల నుంచి, ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్యనుండే బెల్ హౌసింగ్ మీదికి ఒకటే నల్లటి చార. ఆయన క్రాంక్ సీలు పోయిందన్నది దీన్ని చూసన్నమాట!

తర్వాత ఇంజన్ ఆడుతుండగానే ఆయిల్ మూత తీసి అక్కడే బోర్లించి పెట్టారు. మూత కాస్త కదిలిందే గానీ ఎగిరిపడలేదు. "పిస్టన్ రింగులు బాగానే ఉన్నాయి, అవి పోతే మూత ఎగిరిపడేది. దీని ముక్కే మూసుకుపోయింది" అని బ్రీదర్ గొట్టం ఊడదీస్తే, లోపల గడ్డకట్టిన నల్ల మడ్డి. లోపలి ఆవిరికి దారి లేక అది ప్యాకింగులనే నెట్టుకుంటూ బయటికొస్తోందట. మూడుసార్లు మార్చినవాళ్లలో ఒక్కరూ ఆ గొట్టం వైపు చూడలేదు.

పాత కార్క్ ప్యాకింగ్ నా చేతికిచ్చి వంచమన్నారు. అప్పడంలా పెళుక్కున విరిగింది. టాపెట్ కవరుకి నైట్రైల్ రబ్బరుది తెప్పించారు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబరు విప్పితే, ఆయిల్ వడకట్టే స్ట్రైనర్ జాలీలో సేమియాలా సిలికాన్ పోగులు! ఎవరో ధారాళంగా పూసిన పేస్టు లోపలికి తెగిపడింది. ఇంకొన్నాళ్లుంటే ఆయిల్ ప్రెషరే పడిపోయేదన్నారు. బోల్టులు బిగించి బిగించి చాంబరు రేకు కన్నాల దగ్గర ఉబ్బిపోయి ఉంటే, చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో సమానం చేశారు. ఆ పనికే గంట పట్టింది. సిలికాన్ మూలల్లో చుక్కలంత, అంతే. బిగింపు కూడా నడిమి నుంచి చివరలకి, అటొకటి ఇటొకటి, చిన్న స్పానరుతోనే.

పనిలో పనిగా ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్యనుండే ప్యాకింగ్, అదే హెడ్ గాస్కెట్ కూడా మార్చెయ్యమని అడిగాను. "కారని చోట కెలకడం దేనికి? అది మార్చాలంటే పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తుందో కొలిచి, దానికి తగ్గ మందం తేవాలి. తర్వాత చూద్దాంలే" అన్నారు. చేతికొచ్చే బేరం వద్దన్న మనిషిని అప్పుడే చూశాను.

నాలుగు నెలలైంది. జీపు కింద పరిచిన అట్టముక్క ఇంకా తెల్లగానే ఉంది. మీకు, ఫుల్ సెట్టు అంటగట్టకుండా కావాల్సిన రెండు ప్యాకింగులే ఇచ్చిన స్పేర్లషాపు బాబాయి గారికి, మా తోడల్లుడికి (వాడికి ఈ ముక్క ఎదురుగా చెప్పను) నా నమస్కారాలు. చిన్న రసాలు దిగగానే బుట్ట పంపిస్తాను, ఈసారి వద్దనకండి.