వార్షిక కార్యకలాపాల నివేదిక 2024–25: కొల్లేరు మట్టాల పుస్తకం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సహచరులకు, ఇంత ఎండలోనూ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుండి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను నియమావళి ప్రకారం కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసినదే కనుక ఆశయాలను మళ్ళీ వల్లె వేయను. తీరు మారుతున్న వానలకూ, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వెంట ఎగదన్నుతున్న ఉప్పునీటికీ కొల్లేరు చుట్టుపక్కల జనం ఎలా సర్దుకుంటున్నారో నమోదు చేసే పని ఈ ఏడాది ఎంతవరకు సాగింది, ఎక్కడ ఆగింది అన్నదే ఈ నివేదికలోని విషయం.

ముందు కృతజ్ఞతలు చెప్పడం నా విధి. వానాకాలమంతా తన దోనెను మనకు అప్పగించి, డీజిలు ఖర్చు తప్ప పైసా పుచ్చుకోని లంక గ్రామపు మత్స్యకారునికి; కాలువల మీద జీవితకాలం లస్కరుగా పనిచేసి, ఏ షట్టరు ఎత్తితే ఏ డ్రెయిను ఎంతసేపటికి పొంగుతుందో మన యువకులకు ఓపికగా నేర్పిన పెద్దాయనకు; బడి వరండాను, రెండు బల్లలను, బీరువాలో ఒక అరను మనకు వదిలిన ప్రధానోపాధ్యాయురాలికి; భోజనాల ఏర్పాటు చూసిన మహిళా పొదుపు సంఘాల సోదరీమణులకు; నివేదికలు ఉచితంగా టైపు చేసిపెట్టిన జిరాక్సు దుకాణదారుకు; మన కొలతల్లోని తప్పులను మొహమాటం లేకుండా ఎత్తిచూపిన విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకునికి సంఘం రుణపడి ఉంది. పేర్లు ప్రకటించవద్దని వీరిలో కొందరు కోరినందున ఎవరి పేరూ ఇక్కడ రాయలేదు.

మట్టాల పుస్తకం

మన ప్రధాన కార్యక్రమం ఈ ఏడాది కూడా మట్టాల పుస్తకమే. ఏలూరు దగ్గర తమ్మిలేరు గట్టున, ఎడ్లగాడి వంతెన వద్ద, ఆకివీడు దిగువన ఉప్పుటేరులో మనం రంగు వేసి నాటిన గేజీ కొయ్యల వద్ద ఉదయం ఏడు గంటలకు నీటి మట్టాన్ని చూసి రాయడం, వారానికి ఒకసారి నీటి ఉప్పదనాన్ని మీటరుతో పరీక్షించడం, ఊరిలో వాన పడిన రోజున ఆ సంగతి పక్కనే నమోదు చేయడం, ఇంతే పని. ఇది చూడటానికి చిన్న పనిగా కనిపిస్తుంది, అందుకే దీన్ని చేసేవారు తక్కువ. గూడబాతులను చూడటానికి ఆటపాకకు బస్సు వేసుకొని వెళ్దామంటే సీట్లు చాలనంతమంది పేర్లిచ్చిన సభ్యులు, గేజీ కొయ్య చూడటానికి వంతులు వేసుకుందామనేసరికి ఫోనులు ఎత్తడం మానేశారని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

కొయ్యలను మూడు చోట్ల ఎందుకు పెట్టామన్నది కొత్త సభ్యుల కోసం ఒక మాటలో చెబుతాను. కొల్లేరుకు నీరు తెచ్చే దారులు చాలా ఉన్నాయి. మైలవరం వైపు కొండల నీటిని మోసుకొచ్చే బుడమేరు, ఖమ్మం జిల్లా మెట్టల్లో పుట్టి చింతలపూడి మీదుగా ఏలూరు చేరే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు కృష్ణా, గోదావరి డెల్టాల కాలువల నుండి వచ్చే డ్రెయిన్లు అన్నీ ఇందులోనే పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న ఉప్పుటేరు ఒక్కటే, అదీ వాలు లేని దారి. కనుక సరస్సు మట్టాన్ని మాత్రమే కొలిచి ఊరుకుంటే, ఆ నీరు పైనుండి వచ్చి పెరిగిందా, కింద పోలేక నిలిచిందా అన్నది తెలియదు. ఈ పరీవాహకాన్ని మొత్తంగా చూడకుండా సరస్సు హద్దుల గురించే ఇన్నేళ్ళు వాదించుకున్నాం. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుండి ఎత్తును బట్టి గీసే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినది పదో కాంటూరు వరకు గల 901 చదరపు కిలోమీటర్లు. 2008లో శాసనసభ కాంటూరును మూడుకు తగ్గించాలని తీర్మానించింది, ఆ తరువాత వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దన్నది. గీత ఎక్కడ గీసినా వరద దాన్ని చూసి ఆగదన్న విషయం 2024 సెప్టెంబరులో అందరికీ అర్థమైంది.

సెప్టెంబరు వరద

ఆగస్టు 31న, సెప్టెంబరు 1న కురిసిన వానలకు బుడమేరు పొంగి, దాని గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు మునిగిన సంగతి దేశమంతా చూసింది. దాని వెనుక ఉన్న ఒక కారణాన్ని మాత్రం మన సభ్యులు గుర్తుపెట్టుకోవాలి. వెలగలేరు వద్ద బుడమేరు వరదను మళ్ళించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ తగ్గి ఉన్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది. ఈసారి అవే రోజుల్లో కృష్ణకు కూడా మునుపెన్నడూ లేని వరద వచ్చి, బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నిండుగా ఉన్న నదిలోకి వాగు నీరు పోయే వీలు లేదు. ఒక వరదను ఇంకొక చోటికి మళ్ళించి తప్పించుకునే ఏర్పాట్లన్నీ రెండు వరదలూ ఒకేసారి రావన్న నమ్మకంపై కట్టినవే. భూగోళం ఒక డిగ్రీ వేడెక్కినకొద్దీ ఒక్కరోజులో కుండపోతగా పడే వానల తీవ్రత సుమారు 7 శాతం పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. అంటే ఆ నమ్మకంపై ఇక ఆధారపడే రోజులు కావు.

విజయవాడలో నీరు తీస్తున్నదన్న వార్త వచ్చిన రోజుల్లోనే మన దగ్గర నీరు పెరగడం మొదలైంది. నగరాన్ని ముంచిన నీటికీ చివరికి కొల్లేరే దిక్కు. కైకలూరు, మండవల్లి మండలాల లంక గ్రామాలకు దారులు మునిగాయి, ఏలూరు–కైకలూరు రహదారిపై ఎడ్లగాడి వద్ద నీరు ఎక్కి రాకపోకలు ఆగాయి. టీవీల వారు అప్పటికే వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో మన దోనె మిత్రుడు పగలు మందులు, పాలు చేరవేస్తూ, పొద్దున ఏడింటికి మాత్రం మానకుండా గేజీ చూసి వచ్చాడు. కొయ్యపై మనం వేసిన గీతలు దాటి నీరు ఎక్కినప్పుడు వంతెన స్తంభానికి తానే సుద్దతో గుర్తు పెట్టి, నీరు తీసిన తరువాత మీటరు టేపుతో కొలిపించాడు. సంఘం దగ్గర ఈ ఏడాది గర్వపడదగిన అంకెలు ఏమైనా ఉన్నాయంటే అవి అతని చేతిరాతలో ఉన్నవే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఒక ఏడాది కొలతలు చూపి వాతావరణం మారిందని మనం ప్రకటించకూడదు. పత్రికల వారు అడిగినప్పుడు ఇద్దరు సభ్యులు తొందరపడి అలా చెప్పారు. మన పుస్తకం వయసు దానికి చాలదు. అది ముప్ఫై ఏళ్ళు సాగితే అప్పుడు మన పిల్లలు చెబుతారు.

ముగ్గుపటం

సంక్రాంతి తరువాతి ఆదివారం బడి ఆవరణలో జరిగిన కూడికను గురించి కొంచెం విపులంగా రాయడానికి సభ అనుమతి కోరుతున్నాను, ఎందుకంటే సంఘం పుట్టిన తరువాత ఇటువంటిది జరగలేదు. తమ్మిలేరు పైభాగపు మెట్ట రైతులు, లంక గ్రామాల మత్స్యకారులు, చేపల చెరువుల యజమానులు, ఉప్పుటేరు దిగువన వెనామీ రొయ్య వేసేవారు ఒకే చాప మీద కూర్చున్నారు. పెద్ద కాగితంపై పటం గీయాలన్నది మా ఆలోచన. కాగితం చాలదని, పెన్ను పట్టడం తమకు రాదని చేపలమ్మే ఆడవాళ్ళు అన్నారు. అప్పటికింకా ఇంటింటా పండుగ ముగ్గుపిండి మిగిలి ఉంది. ఒక పెద్దమ్మ లేచి, ఆవరణ మధ్యలో పేడనీళ్ళు చల్లించి, చేటలో ముగ్గు తెప్పించి, కొల్లేరును నేలమీద వేయడం మొదలుపెట్టింది. గంటన్నరలో ఏర్లు, లంకలు, గట్లు, వంతెనలు, కొల్లేటికోట పెద్దింటి అమ్మవారి గుడితో సహా అన్నీ పడ్డాయి. 1986 వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందో పసుపుతో, 2005ది కుంకుమతో, మొన్నటిది బొగ్గుపొడితో గుర్తించారు.

గొడవలు కాలేదని చెప్పను. పసుపు గీత తమ వీధి దాకా రాలేదని ఒక ఊరివారు, వచ్చిందని పక్క ఊరివారు పంతానికి పోయారు. చివరకు ఆ ఏడాది పెళ్ళి ఆగిపోయిన ఒక ఇంటివారు సాక్ష్యం చెబితే తేలింది. అంతకంటే పెద్ద సంగతి వేరే బయటపడింది. మొన్నటి వరద కొన్నిచోట్ల 1986 కంటే తక్కువ ఎత్తుకే వచ్చినా, తీయడానికి ఎక్కువ రోజులు పట్టిందని వేర్వేరు ఊళ్ళవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే చెప్పారు. అడ్డంగా వేసిన చెరువు గట్లు ఎక్కడున్నాయో ముగ్గులోనే కనిపిస్తున్నందున చెరువుల యజమానులు కాదనలేకపోయారు. ప్రభుత్వం 2006లో చేపట్టిన ఆపరేషన్ కొల్లేరులో కొట్టేసిన చెరువు గట్లలో ఏవి మళ్ళీ లేచాయో కూడా ఆడవాళ్ళు పేరుపేరునా చూపారు. ఎవరిని నొప్పించడానికీ కాదు, నీరు పోయే దారి చూపడానికి.

సర్దుబాటు అన్న పెద్ద మాటకు అసలు అర్థం ఆ మధ్యాహ్నం తెలిసింది. ఇల్లు కట్టేటప్పుడు అరుగు మెరకను పాత వరద గుర్తుకంటే జానెడు పైన పెట్టుకోవడం, తుపానుల నెలలకు ముందే చేపను పట్టి అమ్ముకోవడం, చేప పోకుండా గట్లపై వల కట్టడం, వేసవిలో కాలువలు కట్టేసే ముందే ఊరి మంచినీటి చెరువును నిండా నింపుకోవడం, రెండో పంట వరి అయిన దాళ్వాకు నీరు అందదనిపిస్తే ఆ మడులను మినుముకు వదలడం ఇవన్నీ ఎవరూ నేర్పకుండా జనం చేస్తున్నవే. వీటికి డబ్బున్నవారికి ఒక వెల, కౌలుకు తీసుకున్నవారికి ఇంకొక వెల పడుతున్నదన్నది మనం తరువాత లోతుగా చూడవలసిన విషయం. ముగ్గుపటాన్ని ఫొటోలు తీసి, మన విద్యార్థిని కొలతకు సరిచేసి కాగితంపై గీసింది. దాని ప్రతి కార్యాలయంలో ఉంది. చూడనివారు చూడవలసిందిగా కోరుతున్నాను.

ఉప్పుటేరు

దిగువన సమస్య వేరు. వేసవిలో పైనుండి నీరు తగ్గగానే, అమావాస్య, పౌర్ణమి పోట్లకు సముద్రపు నీరు ఉప్పుటేరులో ఎగదన్నుతుంది. పాటు సమయానికి అది పూర్తిగా వెనక్కి పోదు. మన మీటరు వేసవి నెలల్లో చూపిన పెరుగుదల ఆ ఒడ్డున బోరు నీరు తాగలేక టిన్ను నీరు కొనుక్కునే ఇల్లాళ్ళకు కొత్త కాదు. ప్రపంచ సముద్రమట్టం 2006–2018 మధ్య సగటున ఏటా 3.7 మిల్లీమీటర్లు పెరిగిందని అదే ఐపీసీసీ నివేదిక లెక్క. వాలే లేని ఏటికి ఆ కొద్దిపాటి పెరుగుదలే ఎక్కువ. ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు, అంటే తలుపులున్న అడ్డుకట్టలు, కట్టాలన్న ప్రతిపాదనపై సభ్యుల్లో రెండు అభిప్రాయాలున్నాయి, కార్యవర్గం తీర్మానమేమీ చేయలేదు. నా సొంత అభిప్రాయం రాయడానికి అధ్యక్షులు ఒప్పుకున్నారు కనుక రాస్తున్నాను. తలుపు వేస్తే ఉప్పు ఆగుతుంది, నిజమే. అర్ధరాత్రి వరద వచ్చినప్పుడు ఆ తలుపును ఎవరు, ఎవరి ఆదేశంతో ఎత్తుతారన్నది ముందే తేల్చకుండా, ఏటిలో పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణలు అలాగే ఉంచి కట్టిన తలుపు మనకు మేలు చేయదు.

లెక్కలు

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేయబడింది. ఆడిటు పూర్తయింది. అప్పులు లేవు, మిగులు నామమాత్రం. చందా బకాయిలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఉప్పదనం మీటరు మరమ్మతు ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైందని కోశాధికారి వివరిస్తారు.

రాని వారి గురించి

ఈ భాగం రాయవద్దని సలహా ఇచ్చినవారున్నారు. రాయకపోతే పని చేసినవారికి అన్యాయం అవుతుంది. మట్టాల పుస్తకంలో దసరాకు ముందు నుండి దీపావళి దాటే వరకు తమ్మిలేరు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ వంతు తీసుకున్న ముగ్గురిలో ఒకరు ఊరెళ్ళారు, ఒకరు వెళ్ళినవారు చూస్తారనుకున్నారు, మూడవవారు వాట్సాప్ బృందంలో ప్రతి సందేశానికీ బొటనవేలు పైకెత్తి చూపారు. ఖాళీలను అంచనాతో నింపుదామన్న సూచన కూడా వచ్చింది. దాన్ని నేను తిరస్కరించాను, ఆ ఖాళీలు అలాగే ఉంటాయి.

అధికారుల సంగతి చెప్పాలంటే, పాత వర్షపాతం లెక్కలు, డ్రెయిన్ల ప్రవాహపు లెక్కలు ఇప్పించవలసిందిగా మనం రాసిన ఉత్తరాలు ఒక కార్యాలయం నుండి ఇంకొక కార్యాలయానికి వెళ్ళి, అక్కడినుండి మొదటి కార్యాలయానికే తిరిగివచ్చినట్లు మూడో జవాబు ద్వారా తెలిసింది. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడి సరస్సులో ఎక్కువ భాగం ఒకే జిల్లా కిందికి వచ్చినందున ఇటువంటి తిరుగుడు తగ్గుతుందని ఆశించాం. ముగ్గుపటం రోజున ముఖ్య అతిథిగా వస్తానని మాట ఇచ్చిన ఒక అధికారి కుర్చీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. ఆఖరికి ఆ పెద్దమ్మనే అందులో కూర్చోబెట్టి శాలువా కప్పాం.

రాబోయే ఏడాదికి

తమ్మిలేరు ఎగువన ఖమ్మం జిల్లా వైపు ఒక కొయ్య నాటాలని, అక్కడ వాన పడిన ఎన్ని గంటలకు ఏలూరులో నీరు పెరుగుతున్నదో చూడాలని కార్యవర్గం నిర్ణయించింది. 2020 అక్టోబరులో ఏలూరు ఎదుర్కొన్న తమ్మిలేరు వరదను మరచిపోనివారికి ఈ పని అవసరం వివరించనక్కరలేదు. అక్కడి రైతులు ఇద్దరు కొయ్య చూసే బాధ్యత తీసుకున్నారు. మన వైపు ఉప్పుటేరు గేజీకి ఆదివారాల వంతు ఇప్పటికీ ఖాళీగా ఉంది.

ఈ నివేదికను, జతచేసిన జమాఖర్చులను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను. కొత్త మట్టాల పుస్తకం ద్వారం దగ్గర బల్లపై ఉంచాం. భోజనాలకు వెళ్ళే ముందు వంతు తీసుకునేవారు పేరు, ఫోను నంబరు, చూడగలిగిన వారాలు స్పష్టంగా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి