కాళ్ల వాపును మోకాళ్ల మీదికి నెట్టొద్దు

సంపాదకుడు గారికి,

మా బాబాయికి రెండు పాదాలూ వాచి చెప్పులు పట్టడం మానేశాయి. మా గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే ముందు బోదకాలే గుర్తొస్తుంది. అది కాదని తేలాక మోకాళ్ల అరుగుదలేనని మాకు మేమే అనుకుని, మూడు నెలలు చీటీ లేకుండా షాపులో నొప్పి మాత్రలు కొని వేశాం. పొట్ట కూడా ఉబ్బాక గానీ స్కానింగ్ తీయించలేదు. సిర్రోసిస్, అంటే కాలేయం దెబ్బతిని గట్టిపడిపోవడం. ఆయన జన్మలో మందు ముట్టలేదు. ఇరవై ఏళ్ల షుగర్, దానికి తోడు ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు పేరుకోవడం. చుట్టాలు మాత్రం ఇప్పటికీ 'చాటుగా తాగేవాడేమో' అంటున్నారు.

రక్తంలో నీటిని నాళాలు దాటకుండా పట్టి ఉంచే ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయమే. అది తగ్గితే నీరు బయటికి ఊరుతుంది. గట్టిపడిన కాలేయంలో రక్తం సాఫీగా సాగదు. కిడ్నీలేమో ఉప్పునూ నీటినీ వదలకుండా దాచుకుంటాయి. ఆ నీరంతా పొట్టలో చేరుతుంది, పల్లానికి దిగి పాదాల్లోనూ చేరుతుంది. చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడుతుంది, వెంటనే పూడదు. గుంట పడిందంటే లివరేనని కాదు. గుండె, కిడ్నీ జబ్బులకూ, కొన్ని బీపీ మాత్రలకూ కాళ్లు వాస్తాయి. అందుకే పరీక్ష కావాలి. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, నీరు ఇంకా పెంచుతాయి. మేం చేసింది సరిగ్గా అదే.

ఇంట్లో ఇంకో తప్పు కూడా చేశాం. లివర్ అనగానే చప్పిడి పథ్యమని పప్పు, గుడ్డు మాన్పించాం. డాక్టరు తగ్గించమన్నది ఉప్పు, అంటే ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు. ప్రోటీన్ మానితే కండ కరిగిపోతుందని ఆవిడ గట్టిగానే మందలించారు.

30 దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడటానికి ఆరోగ్య సిబ్బంది ఇంటికే వస్తున్నారు. చీలమండ నొక్కి చూడటానికి అర నిమిషం పట్టదు, ఖర్చూ లేదు. ఫ్యాటీ లివర్‌ను కేంద్రం 2021లోనే జీవనశైలి జబ్బుల కార్యక్రమంలో చేర్చింది. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బులు హెపటైటిస్ బి, సిలకు పరీక్షలు, మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. మా ఊళ్లో నేనడిగిన వాళ్లెవరికీ ఈ సంగతే తెలీదు. వైద్యశాఖ ఈ రెండు ముక్కలు పీహెచ్‌సీ గోడల మీద రాయించాలి. చీటీ లేకుండా డైక్లోఫెనాక్ అమ్మే షాపులను డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఒకసారి తిరిగి చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం