జాతి గురించి మాట్లాడే అభ్యర్థికి పనిచేసేవాళ్ళ నుంచి, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెక్రటరీ ఆఫ్ స్టేట్ గారికి,

ఫోర్‌సైత్, ఉత్తర ఫుల్టన్, గ్విన్నెట్ కౌంటీల్లో ఓటరు నమోదూ ఇంటింటి ప్రచారమూ చేసే తెలుగు పౌరులం రాస్తున్న లేఖ ఇది. 2021 జనవరి, 2022 డిసెంబరు రనాఫ్‌లు (మొదటిసారి ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే జరిగే రెండో విడత పోలింగులు) రెండింటిలోనూ సెనేటర్ రఫాయెల్ వార్నాక్ తరఫున తలుపులు తట్టాం. జాతి వివక్ష గురించి నీళ్ళు నమలకుండా మాట్లాడతారు కాబట్టే ఆయన్ని ఎంచుకున్నాం. రేపు అలా మాట్లాడే మరొకరు నిలబడినా ఇదే పని చేస్తాం. ఇంగ్లిష్ ప్రతి మీకు వేరుగా పంపుతున్నాం. మా వాళ్ళు కూడా చదవాలని ఇది తెలుగులో రాస్తున్నాం.

మా మాట ఇదీ. ఇలాంటి అభ్యర్థుల భవితవ్యం ఈ రాష్ట్రంలో తేలుతున్నది రనాఫ్‌లో. రనాఫ్ నియమం పుట్టుకలోనూ, పౌరసత్వం సరిచూసే పద్ధతి పనిచేసిన తీరులోనూ జాతి ఉంది. అది ఒప్పుకుని, మీ చేతిలో ఉన్నంతవరకు సరిచేయమని అడుగుతున్నాం.

జాతి మాట ఎత్తేవాళ్ళే జనాన్ని విడదీస్తున్నారనే వాదన మాకు కొత్తది కాదు. కారంచేడు (1985), చుండూరు (1991) దళితుల హత్యల గురించి నోరు విప్పినవాళ్ళకే ‘కులచిచ్చు పెడుతున్నారు’ అని పేరు పెట్టిన చోటి నుంచి వచ్చాం. 2022లో వార్నాక్‌కు ఎదురు నిలిచిన హెర్షల్ వాకర్ కూడా నల్లజాతివారే. అయినా, అమెరికా జాతి విద్వేషుల దేశమని వార్నాక్ నమ్ముతున్నారంటూ వాకర్ ప్రచార ప్రకటన ఆరోపించింది. అంటే ఇద్దరి మధ్య తేడా ఒంటి రంగులో లేదు, చరిత్రను చెప్పాలా దాచాలా అన్నదాంట్లో ఉంది. అసలు జార్జియా ఓటరు నమోదు ఫారంలోనే జాతి గడి ఉంది. దేశంలో కొద్ది రాష్ట్రాలు మాత్రమే అలా అడుగుతాయి. రాష్ట్రమే ఓటర్ల జాబితాలో జాతిని రాసుకుంటున్నప్పుడు అభ్యర్థి నోట ఆ మాట రావడం తప్పెలా అవుతుంది?

మేముంటున్న ఫోర్‌సైత్ సంగతే చూడండి. 1912 సెప్టెంబరులో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి ఒక గుంపు జైలు నుంచి లాక్కొచ్చి చంపి, కౌంటీ కేంద్రమైన కమింగ్ పట్టణం కూడలిలో వేలాడదీసింది. ఆ తర్వాత దాదాపు 1,100 మంది నల్లజాతివాళ్ళను కౌంటీ నుంచి తరిమేశారు. ఇళ్ళూ పొలాలూ చర్చీలూ అక్కడే వదిలి పోయారు. 1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో వంద మందికి లోపు ఊరేగింపుగా వస్తే వాళ్ళ మీద రాళ్ళూ సీసాలూ పడ్డాయి. వారం తిరిగేసరికి, 24వ తేదీన, సుమారు 20 వేల మంది నేషనల్ గార్డ్ కాపలాలో అదే దారిలో నడిచారు. ఇవాళ ఆ నేల మీద మా ఇళ్ళున్నాయి. స్కూలు రేటింగు చూసి ఇల్లు కొన్న మా వాళ్ళలో చాలామందికి ఈ కథ తెలియదు. తెలియాలి.

ఎందుకంటే మా ఉనికి కూడా ఆ పోరాటంతోనే ముడిపడి ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారని, పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946 చట్టం పౌరసత్వం ఇచ్చింది గానీ ఏడాదికి 100 మందికే వలస కోటా పెట్టింది. 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం మీద సంతకం చేసిన లిండన్ జాన్సనే అక్టోబరు 3న వలస చట్టం మీదా సంతకం చేశారు. నల్లజాతివాళ్ళ ఓటు హక్కు కోసం ఊరేగి సెల్మా వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు మా వీసాలకు కూడా దారి వేశారు. వార్నాక్ సెనేట్‌లో తొలి ప్రసంగం చేసింది 2021 మార్చి 17న. ముందు రోజే అట్లాంటా చుట్టుపక్కల మసాజ్ స్పాల్లో ఎనిమిది మందిని కాల్చి చంపారు, వాళ్ళలో ఆరుగురు ఆసియా మూలాల స్త్రీలు. ఆయన ఆ చావులతోనే ప్రసంగం మొదలుపెట్టి, ఓటు హక్కు మీదికి వెళ్ళారు. ఆ రెండూ వేరువేరు విషయాలని మేమూ అనుకోవడం లేదు.

ఇక రనాఫ్. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోలింగు. ఈ నియమాన్ని 1963లో ప్రతిపాదించింది మేకన్‌కు చెందిన శాసనసభ్యుడు డెన్మార్క్ గ్రూవర్. 1964లో అది చట్టమైంది. నల్లజాతి ఓట్లు ఒకరి వెనక నిలబడి, తెల్లవాళ్ళ ఓట్లు చీలితే ఫలితం తారుమారవుతుందన్న భయమే దీనికి మూలమని గ్రూవరే తర్వాత ఒప్పుకున్నారు. ఇదేమీ తిరుగులేని శాసనం కాదు. 1992లో సెనేటర్ వైచ్ ఫౌలర్ ముందంజలో ఉండి కూడా రనాఫ్‌లో ఓడాక, నేరుగా గెలవడానికి కావాల్సిన హద్దును 45 శాతానికి దించారు, 1996లో సెనేట్ అభ్యర్థి మాక్స్ క్లీలండ్ 49 శాతం లోపు ఓట్లతోనే నేరుగా గెలిచారు. 2005లో మళ్ళీ 50కి ఎక్కించారు. 2022 నవంబరు 8న వార్నాక్‌కు 49.4 శాతం వచ్చింది. 45 శాతం నియమం ఉండి ఉంటే ఆ రాత్రే ముగిసేది. దానికి బదులు డిసెంబరు 6న ఇంకోసారి నిలబడి 51.4 శాతంతో గెలవాల్సి వచ్చింది.

2021లో వచ్చిన ఎస్.బి. 202 అనే రాష్ట్ర ఎన్నికల చట్టం, మొదటి పోలింగుకూ రనాఫ్‌కూ మధ్య గడువును తొమ్మిది వారాల నుంచి నాలుగు వారాలకు కుదించింది. ఏం జరిగిందో చూడండి. ఓటరు నమోదుకు గడువు, ఎన్నికకు ముందు వచ్చే ఐదో సోమవారం. 2022 డిసెంబరు 6 రనాఫ్‌కు లెక్కిస్తే అది నవంబరు 7, అంటే సాధారణ ఎన్నికకు ముందు రోజు. రనాఫ్ జరుగుతుందని ఎవరికీ తెలియకముందే దాని నమోదు ముగిసిపోయింది. తొమ్మిది వారాల పద్ధతిలో 2020 డిసెంబరు 7 వరకు కొత్తవాళ్ళను చేర్చగలిగారు. నవంబరు రెండో వారంలో ప్రమాణం చేసి పౌరుడైన మనిషికి 2020లో ఓటుంది, 2022లో లేదు. పోస్టల్ ఓటుదీ ఇదే ఇరుకు: బ్యాలెట్లు ముద్రించి పంపేది మొదటి ఫలితాలు ఖరారయ్యాకే, మధ్యలో థ్యాంక్స్‌గివింగ్ సెలవులు, నింపిన కవరు పోలింగు రోజు సాయంత్రం 7 గంటల్లోపు కౌంటీకి చేరాలి. బయల్దేరిన తేదీ ముద్ర లెక్కలోకి రాదు. అందుకే రనాఫ్‌లో పోస్టును నమ్ముకోవద్దని, నేరుగా ముందస్తు పోలింగుకు వెళ్ళమని మా వాళ్ళకు చెబుతున్నాం.

ఆ ముందస్తు పోలింగులోనూ 2022 నవంబరు 26 శనివారం మీద వివాదం వచ్చింది. సెలవు పక్కన వచ్చే శనివారం పోలింగు కుదరదని మీ కార్యాలయం చెప్పింది. ఆ శుక్రవారం సెలవు ఏమిటంటే, 2015 దాకా రాబర్ట్ ఇ. లీ పుట్టినరోజు పేరుతో ఉన్నదే. కోర్టు అనుమతించాక కొన్ని కౌంటీలు తెరిచాయి. వారమంతా షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు ఆ ఒక్క శనివారమే దిక్కు. బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన సేనాని పేరిట వచ్చిన సెలవు వాళ్ళ ఓటుకు అడ్డుపడటం ఎంత అన్యాయమో మీకు వివరించనక్కర్లేదు.

సాధారణ ఎన్నికల రనాఫ్‌ను ఎత్తేయమని 2022 డిసెంబరులో మీ కార్యాలయమే శాసనసభను కోరింది. ఆ మాట మీద గట్టిగా నిలబడండి. చట్టం మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. కానీ ప్రతి సమావేశాల్లోనూ బిల్లు ముసాయిదా పంపడం మీ చేతిలోనే ఉంది.

రెండో విషయం మా పేర్లది, మా పౌరసత్వానిది. 2018లో పేరు అక్షరం పొల్లుపోకుండా కుదరాలన్న నిబంధన కింద సుమారు 53 వేల నమోదులు పెండింగ్‌లో పడ్డాయి. వాటిలో దాదాపు 70 శాతం నల్లజాతివాళ్ళవి. 2019లో చట్టం మారాక పేరు కుదరకపోయినా నమోదు ఆగడం లేదు, గుర్తింపు చూపిస్తే చాలు. పౌరసత్వం దగ్గర మాత్రం చిక్కు మిగిలే ఉంది. తెలుగువాళ్ళకు రెండూ ఒకేసారి తగులుతాయి. భారతీయ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, అసలు పేరు చోట ‘ఎఫ్.ఎన్.యు.’ (పేరు తెలియదు) అని పడుతుంది. అదే డ్రైవింగ్ లైసెన్సుకూ ఎక్కుతుంది. వెంకట సత్యనాగలక్ష్మి లాంటి పేరు ఒక చోట ఒక మాటగా, ఇంకో చోట మూడు ముక్కలుగా ఉంటుంది. పదిహేనేళ్ళ తర్వాత పౌరసత్వ పత్రంలో పేరు సరిచేయించుకుంటే, లైసెన్సు విభాగం దగ్గర పాత పేరూ పాత వలస హోదా అలాగే ఉండిపోతాయి. ప్రమాణం చేసిన రోజే హాలు బయట ఉత్సాహంగా ఫారం నింపితే, కౌంటీ రిజిస్ట్రార్ ఆ పాత రికార్డుతో పోల్చి ‘పౌరుడు కాదు’ అని పక్కన పెడతారు.

మా వాళ్ళకు మేము చెప్పే క్రమం ఇది: పేరూ హోదా ముందు సోషల్ సెక్యూరిటీలో, తర్వాత లైసెన్సులిచ్చే డ్రైవర్ సర్వీసెస్‌లో మార్పించుకుని, ఆ పైన ఓటరు నమోదు. అంత వ్యవధి లేకపోతే ఫారంతో పాటు పౌరసత్వ పత్రం గానీ అమెరికా పాస్‌పోర్టు ఫొటో పేజీ గానీ జతచేయాలి. వారం తర్వాత రాష్ట్ర వెబ్‌సైట్‌లోని మై ఓటర్ పేజీలో ‘యాక్టివ్’ అని ఉందో లేదో చూసుకోవాలి. పోలింగుకు భారత ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డూ ప్రైవేటు కంపెనీ బ్యాడ్జీ పనికిరావు, గడువు తీరినా జార్జియా లైసెన్సు చెల్లుతుంది. ఈ వివరాలు మీ ఫారం వెనకే అచ్చువేస్తే మా పని సగం తగ్గుతుంది. అపార్ట్‌మెంటు నుంచి కొత్త ఇంటికి మారి చిరునామా మార్చుకోనివాళ్ళు పోలింగు రోజు వేరే కేంద్రానికి వెళితే, సాయంత్రం 5 లోపు వేసిన ప్రొవిజనల్ ఓటు (తర్వాత సరిచూసి లెక్కించే ఓటు) లెక్కలోకే రాదు. ముందస్తు పోలింగులో అయితే కౌంటీలో ఏ కేంద్రమైనా సరే.

పెద్దవాళ్ళ సంగతి. 55 ఏళ్ళు దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్ళున్నవాళ్ళు పౌరసత్వ పరీక్షకు తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు. అలా పౌరులైన అమ్మమ్మలు, తాతయ్యలు పోలింగులో ఇంగ్లిష్ తెర ముందు ఆగిపోతారు. ఓటు హక్కుల చట్టం సెక్షన్ 208 ప్రకారం చదవలేనివాళ్ళు యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప తమకు నచ్చిన ఎవరినైనా తోడు తెచ్చుకోవచ్చు. పోలింగు సిబ్బందికి ఈ సెక్షన్ ఒక పేజీ కాగితంగా ప్రతి బల్ల మీదా ఉండాలి.

ప్రచారంలో మా వైపు తప్పులు దొర్లకుండా మేమూ జాగ్రత్తపడుతున్నాం. హెచ్-1బి, ఎఫ్-1 వీసావాళ్ళు జీతం లేకుండా పనిచేయవచ్చు, డాలరు కూడా ఇవ్వకూడదు. గ్రీన్ కార్డువాళ్ళు విరాళం ఇవ్వవచ్చు, ఓటు వేయకూడదు. లైసెన్సు కౌంటరు దగ్గర ‘పౌరులేనా’ అంటే పొరపాటున కూడా తల ఊపకూడదు. సొంత కన్సల్టెన్సీ కార్పొరేషన్ ఖాతా నుంచి ఫెడరల్ అభ్యర్థికి చెక్కు రాయకూడదు. 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా నమోదైన తెలుగు సంఘం వేదిక మీద ఓటరు నమోదు చేయవచ్చు, అభ్యర్థి పేరు ఎత్తకూడదు. పోలింగు భవనానికి 150 అడుగుల లోపల ప్రచార చొక్కా వేసుకోకూడదు, వరుసలో ఉన్నవాళ్ళకు మంచినీళ్ళు కూడా పంచకూడదు.

చివరిగా జాతి గడి. మా వాళ్ళు చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా ‘ఇతరులు’ అని టిక్కు పెడతారు. ఇకపై ‘ఆసియా’ అని నింపమని ఇంటింటికీ చెబుతాం. మీ వైపు నుంచి, ప్రతి నమోదు గడువు ముగిసిన వారంలోగా పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల సంఖ్యను కౌంటీలవారీగా, జాతులవారీగా, ఏ కారణంతో ఆగాయో సహా ప్రచురించండి. ఆ పట్టిక వచ్చిన రోజే ఆగిపోయినవాళ్ళ పత్రాలు తీసుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళడానికి మా మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు
ఫోర్‌సైత్, ఉత్తర ఫుల్టన్, గ్విన్నెట్ కౌంటీల తెలుగు ఓటర్లు