మూడో తరగతికి ఏఐ కన్నా ముందు ఎర్తింగ్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

2026-27 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధ (ఏఐ), కంప్యూటేషనల్ థింకింగ్ (పనిని మెట్లు మెట్లుగా విడదీసి ఆలోచించడం) పాఠాలు వస్తాయని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. దానితో ‘మీ బడిలో ఏఐ చెబుతారా?’ అన్న ప్రశ్న తిరుపతిలో తల్లిదండ్రుల నోట మొదలైంది. మంచి ప్రశ్నే. కానీ అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. పిల్లవాడు చెయ్యి పెట్టే సీపీయూ డబ్బాకు ఎర్తింగ్ ఉందా? వారానికి ఎన్ని నిమిషాలు మౌస్ వాడి చేతిలో ఉంటుంది?

ఎర్తింగ్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ప్లగ్గుకు మూడు పిన్నులుంటాయి, గోడలోని మూడో రంధ్రం వెనక మాత్రం తీగ ఉండదు. అలాంటప్పుడు సీపీయూలోని పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక ఇనుప డబ్బా మీదే నిలుస్తుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి తాకితే జివ్వుమంటుంది. ‘సార్, కంప్యూటర్ కరుస్తా ఉంది’ అని పిలకాయలు అంటే నవ్వి ఊరుకోకండి, ఆ రోజుకు ఆ గదిలో స్విచ్చులన్నీ ఆపేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడమనండి. న్యూట్రల్‌తో ఎంత వెలుగుతుందో ఇక్కడా దాదాపు అంతే వెలగాలి. మసకగా వెలిగితే ఎర్త్ తీగ దిగిన గుంత ఎండిపోయి ఉండవచ్చు, లేదా తీగ తుప్పు పట్టి ఉండవచ్చు. బొగ్గూ ఉప్పూ వేసిన గుంత మన ఎండలకు నిలవదు. వేసవిలో దాని పైపులో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాల్సిందే.

జూన్‌లో బడి తెరవగానే వచ్చే ఫిర్యాదులు మరో రకం. ‘యూపీఎస్ పనిచేయడం లేదు’ అన్నది మొదటిది. చిన్న యూపీఎస్‌లో మామూలుగా 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. సెలవుల్లో నెలన్నర పాటు ఛార్జింగ్ లేకుండా పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంతసేపు పెట్టినా ఛార్జి పట్టదు. సెలవుల్లో పదిహేను రోజులకోసారి ఒక పూట కరెంటు పెడితే ఆ బ్యాటరీ బతుకుతుంది. రెండోది ఇంకా చిత్రం. ‘నెట్ వస్తోంది, సైట్లు మాత్రం తెరుచుకోవడం లేదు’ అంటారు. తెర కింది మూల గడియారం చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం కనబడుతుంటే లోపం నెట్‌ది కాదు, మదర్‌బోర్డు మీద పెద్ద బొత్తామంత ఉండే సీఆర్2032 బ్యాటరీది. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా ధ్రువపత్రాలను బ్రౌజర్ ఆ తేదీతోనే సరిచూస్తుంది కాబట్టి ఏదీ చెల్లదని ఆపేస్తుంది. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే పోయేదానికి కొత్త కంప్యూటర్ కావాలని అర్జీలు పెట్టవద్దు.

విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని పాత సామాన్లవాడికి వేసేయకుండా హార్డ్ డిస్క్ తీసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు తేలికపాటి లినక్స్ ఎక్కిస్తే ఒకటి నుంచి ఐదు తరగతుల పనికి చాలు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి ఉబుంటు అనే లినక్స్ మీదే నడుస్తున్నాయి.

ఇక పాఠం. నాడు-నేడు కింద ప్రాథమిక బడులకు వచ్చిన స్మార్ట్ టీవీ పాఠం చూపించడానికి బాగుంటుంది. కంప్యూటర్ మాత్రం చూస్తే రాదు, చేతికి రావాలి. యంత్రానికి ఇద్దరిని కూర్చోబెట్టండి, ముగ్గురు వద్దు. మూడోవాడు తీగలతో ఆడుకుంటాడు. 40 నిమిషాల పీరియడ్‌లో 20 నిమిషాలు ఒకరి చేతిలో మౌస్ ఉంటే రెండోవారు నోటితో చెప్పాలి తప్ప చెయ్యి పెట్టకూడదు. 20 నిమిషాలకు గంట కొట్టగానే మార్పు. గడియారం చూసి ఈ నియమం పాటించకపోతే చురుకైనవాడే మొత్తం లాక్కుంటాడు, పక్కన ఆడపిల్ల చూస్తూ కూర్చుంటుంది.

మొదటి నెలంతా బొమ్మలు గీసే టక్స్ పెయింట్, ఆటలతో నేర్పే జీకాంప్రి చాలు. రెండూ ఉచితం, నెట్ అక్కర్లేదు. డబుల్ క్లిక్ రాక పిల్లలు విసిగిపోతుంటే తప్పు వాళ్లది కాదు. మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగాన్ని బాగా తగ్గించండి. కాళ్లు కుర్చీలోంచి వేలాడుతుంటే కింద ఒక పీట వేయండి.

తెలుగు టైపింగ్ మూడో తరగతిలోనే మొదలుపెట్టవచ్చు, ఒక్కో తెలుగు అక్షరానికీ గుర్తుకూ ఒక్కో మీట ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులోనే మొదలుపెట్టాలని మా గట్టి అభిప్రాయం. ఇంగ్లిష్ స్పెల్లింగులతో తెలుగు కొట్టే పద్ధతి ఇంగ్లిష్ ఇంకా నిలదొక్కుకోని పిల్లలకు రెట్టింపు భారం. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చేతికి అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడి చేతికి ఎక్కువగా హల్లులూ వస్తాయి. ‘తిరుపతి’ అని కొట్టాలంటే ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్. తకు గుడి, రకు కొమ్ము, ప, మళ్లీ తకు గుడి. పిల్లలు పలక మీద నేర్చిన గుణింతం వరస ఇదే. ‘అమ్మ’కు షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. మధ్యలో నొక్కిన డి పొల్లు. ఆ పొల్లు వల్లే రెండో మ కిందికి దిగి ఒత్తుగా మారడం తెరమీద కళ్లారా కనబడుతుంది. ఒత్తు ఎక్కడినుంచి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

కంప్యూటేషనల్ థింకింగ్‌కు యంత్రమే అక్కర్లేదు, ముగ్గు చాలు. ‘5 చుక్కలు, 1 వరకు సందు చుక్క.’ నడుమ వరుసలో 5, పైనా కిందా ఒక్కోటి తగ్గిస్తూ 1 వచ్చేదాకా, మొత్తం 25 చుక్కలు. ఒకే పనిని ఇలా మళ్లీ మళ్లీ చేయడమే లూప్. ఒకరు ఎదుటివారు గీస్తున్నది చూడకుండా వీపు తిప్పి చెప్పాలి, మరొకరు చెప్పినదే గీయాలి. ‘పక్క చుక్కకు గీయి’ అంటే ఎటు పక్క? గీత తప్పుతుంది. ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి వెతకడమే డీబగ్గింగ్. మగపిల్లల చేతా వేయించండి. చాట్‌బాట్ ముందు ఎనిమిదేళ్ల వాళ్లను కూర్చోబెట్టి ఏఐ నేర్పామనుకోవద్దు. చాట్‌జీపీటీ నిబంధనల్లోనే కనీస వయసు 13 ఏళ్లు.

బాధ్యతగా వాడటం ఉపన్యాసంతో రాదు, గది అమరికతో వస్తుంది. తెరలన్నీ టీచర్‌కు కనబడేలా కంప్యూటర్లను గోడల వెంబడి పెట్టండి. పిల్లలకు కంప్యూటర్ మొత్తాన్ని మార్చే అధికారం లేని స్టాండర్డ్ ఖాతా ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో హెచ్ఎం బీరువాలో ఉండాలి, గోడ మీద రాసి ఉండకూడదు. రూటర్‌లో డీఎన్ఎస్‌గా (సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికిపెట్టే సర్వర్‌గా) 1.1.1.3 పెడితే అశ్లీల సైట్లు చాలావరకు ఆగుతాయి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి. ఇంత చేసినా ఏదో ఒకటి జారి వస్తుంది. అందుకే పిల్లలకు మొదటి రోజే ఒక్క మాట నేర్పాలి. వింతగా, భయంగా ఏదైనా కనబడితే మానిటర్ బటన్ నొక్కి చెయ్యి ఎత్తు. సీపీయూ ఆపకూడదు, ఏ పేజీ వచ్చిందో టీచర్ చూడాలి. చెప్పిన పిల్లవాడిని పొరపాటున కూడా తిట్టకండి. ఒక్కసారి తిట్టారా, రెండోసారి మీకు చెప్పడు, దాస్తాడు.

పెద్దవాళ్ల వాట్సాప్ గ్రూపుల సంగతీ చెప్పాలి. పేరు, తరగతి, బడి రాసి పిల్లల ఫొటోలు పెట్టేస్తున్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఆ అనుమతి పత్రం అడ్మిషన్ రోజే, తెలుగులో, ఒక పేజీలో తీసుకోవచ్చు. ఇంట్లో ఫోన్ ఆడుతూ పిల్లవాడి చేతి మీదుగా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఎవరైనా వేధిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలని ఆ పత్రం కిందే ముద్రించండి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖ అధికారులకు మా విన్నపం ఒకటే. బడి గ్రాంటులో కొంత ఎర్త్ పరీక్షకూ బ్యాటరీలకూ అని విడిగా చూపించండి. జూన్‌లో బడి తెరిచే ముందు వారం ప్రతి గదిలో ఆ బల్బు వెలిగించి చూసి, ఫలితాన్ని స్టాక్ రిజిస్టర్‌లో తేదీతో రాయించండి.

ఇట్లు,
ప్రాథమిక పాఠశాలల కంప్యూటర్ బోధకులు,
తిరుపతి